మన మనిషితనానికి రసీదు ఎందుకు? చాప్లిన్ టర్నర్ జీవితం



ప్రతి ఏడాదీ జనవరి 1న మనవాళ్ల ఫోన్లన్నీ ఒకే ఫోటోతో నిండిపోతాయి. అది భీమా నది ఒడ్డున ఉన్న కోరేగావ్ స్తంభం. 1818లో ఆ రోజున ఈస్టిండియా కంపెనీ సైన్యంలో నిలబడి పేష్వా బలగాలతో పోరాడిన మహర్ సైనికుల పేర్లు ఆ రాయి మీద ఉన్నాయి. 1927లో బాబాసాహెబ్ అక్కడికి వెళ్లి నివాళి అర్పించారు. అప్పటినుంచి అది మనకు తలెత్తుకునే చోటు.

ఈసారి ఆ ఫోటో పెట్టినందుకు ఒక డిగ్రీ చదివే తమ్ముడు నాకు మెసేజ్ చేశాడు. "అన్నా, మనం కూడా మనుషులమే అని చెప్పుకోవడానికి ఎవడి సైన్యంలోనో చచ్చామని చూపించుకోవాలా?"

ఒక ముక్కలో జవాబు చెప్పి తప్పించుకునే ప్రశ్న కాదిది. నాలుగు రోజులు నాతోనే తిరిగింది. ఈ ప్రశ్నను మనకంటే ముందే, మనకు చాలా దూరంలో, తన బతుకంతా పెట్టి అడిగిన మనిషి ఒకాయన ఉన్నాడు. మెథడిస్టు పాస్టరు. ఒకప్పుడు సైన్యం యూనిఫాం వేసుకున్నవాడు. పేరు హెన్రీ మెక్‌నీల్ టర్నర్. అమెరికా నల్లజాతి వాళ్ల చరిత్ర అంటే మనకు మార్టిన్ లూథర్ కింగ్, మాల్కం ఎక్స్ గుర్తొస్తారు. వాళ్లకు రెండు తరాల ముందటి ఈ మనిషిని మనం చదవలేదు. చదవాలి. ఎందుకో చెబుతాను.

1

టర్నర్ 1834లో సౌత్ కరోలినాలో పుట్టాడు. బానిసగా పుట్టలేదు. స్వేచ్ఛ ఉన్న నల్ల కుటుంబం. అయితే ఆ స్వేచ్ఛ ఎంత? మన ఊళ్లో వెట్టి లేని మాలమాదిగలకు ఉన్నంత. బానిసలతో పాటే పత్తి చేలల్లో పని చేశాడు. నల్లవాళ్లకు చదువు చెప్పడాన్ని ఆ రాష్ట్రంలో చట్టమే నిషేధించింది. శంబూకుడి కథ మనకు పురాణంలో ఉంటే, వాళ్లకు చట్టాల పుస్తకంలో ఉంది.

కుర్రాడు ఒక లాయర్ల ఆఫీసులో ఊడ్చి తుడిచే పనికి కుదిరాడు. వాడి జ్ఞాపకశక్తి చూసి ఆ లాయర్లే చాటుగా చదవడం, రాయడం నేర్పారు. చరిత్ర, లెక్కలు, కొంత న్యాయశాస్త్రం కూడా అంటింది. చీపురు పట్టిన గదిలోనే అక్షరం దొరికింది. ఇది మన ఇళ్లల్లో ఎన్నోసార్లు విన్న కథే కదా.

1848లో, పద్నాలుగేళ్ల వయసులో, మెథడిస్టు సంఘంలో చేరాడు. 1853లో ప్రసంగించడానికి లైసెన్సు వచ్చింది. ఊరూరా తిరిగి వాక్యం చెప్పాడు. తెల్లవాళ్లు కూడా వచ్చి కూర్చుని వినేవాళ్లు. కానీ ఆయన చేరిన సంఘం ఏదో చూడండి. మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ బానిసత్వాన్ని గట్టిగా వ్యతిరేకించినవాడు. ఆయన పేరు చెప్పుకునే అమెరికా సంఘం మాత్రం, బానిసలున్న బిషప్పును ఏం చేయాలన్న గొడవ మీద 1844లో రెండుగా చీలింది. దక్షిణాది సంఘం బానిస యజమానుల పక్షాన నిలబడింది. టర్నర్ ప్రసంగీకుడైంది ఆ దక్షిణాది సంఘంలోనే.

నల్లవాడు అందులో ప్రసంగం చెయ్యొచ్చు, ఆత్మల్ని రక్షించొచ్చు. అధికారం ఉన్న కుర్చీలో మాత్రం కూర్చోలేడు. బిషప్పు కావడమన్నది కలలో కూడా లేదు. దేవుడు పిలిచినా సంఘం మాత్రం కూర్చోనివ్వదు.

1858లో ఆయన ఆ సంఘం వదిలి ఆఫ్రికన్ మెథడిస్టు ఎపిస్కోపల్ చర్చిలో చేరాడు. ఇది నల్లవాళ్లు తమకోసం తామే కట్టుకున్న సంఘం. దాని పుట్టుక మనకు తెలిసి తీరాలి. ఫిలడెల్ఫియాలోని సెయింట్ జార్జి మెథడిస్టు చర్చిలో నల్ల విశ్వాసులు మోకాళ్ల మీద ప్రార్థన చేస్తుండగా, ఇది మీ చోటు కాదు లేవండని పెద్దలు పట్టుకుని లాగారు. రిచర్డ్ అలెన్, ఆయనతో ఉన్నవాళ్లు బయటికి నడిచారు. మళ్లీ ఆ గడప తొక్కలేదు. 1816లో ఆ నడకే ఒక స్వతంత్ర సంఘంగా స్థిరపడింది.

గుడిలోకి రానివ్వకపోతే బయట నిలబడి ఏడ్చేవాళ్లు కొందరు. మాకో చోటు మేమే కట్టుకుంటామని నడిచిపోయేవాళ్లు కొందరు. టర్నర్ రెండో రకం వాళ్ల దగ్గరికి చేరాడు.

2

ఇక యూనిఫాం సంగతి.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. టర్నర్ అప్పటికి వాషింగ్టన్‌కు దగ్గరపడ్డాడు. కొద్ది కాలానికి ఆ నగరంలోనే ఇజ్రాయెల్ బెతెల్ చర్చికి పాస్టరయ్యాడు. 1863 జనవరి 1. లింకన్ విముక్తి ప్రకటన మీద సంతకం చేసిన రోజు. ఆ సాయంత్రం పత్రిక కాపీల కోసం జనం ఎగబడుతుంటే టర్నర్ కూడా తోసుకుని వెళ్లాడు. ప్రకటన అచ్చయిన కాగితం ఒకటి చిక్కించుకుని, వీధి పొడుగునా పరుగెత్తుకుంటూ తన చర్చి దగ్గరికి వచ్చాడు. అక్కడ జనం ఎదురు చూస్తున్నారు. చదవబోతే ఊపిరి అందలేదు. కాగితం పక్కవాడి చేతికిచ్చి చదవమన్నాడు. ఈ సంగతి ఆయనే తర్వాత రాసుకున్నాడు.

గమనించారా? మనకు కోరేగావ్ తేదీ, వాళ్లకు విముక్తి తేదీ ఒక్కటే. జనవరి 1.

ఆ ప్రకటనతో నల్లవాళ్లు సైన్యంలో చేరడానికి దారి తెరుచుకుంది. టర్నర్ తన చర్చినే సైన్యంలో చేర్చుకునే కేంద్రంగా మార్చాడు. మొదటి యునైటెడ్ స్టేట్స్ కలర్డ్ ట్రూప్స్ రెజిమెంటుకు మనుషుల్ని పోగుచేశాడు. అదే రెజిమెంటుకు 1863లో ఆయన్ని చాప్లిన్‌గా, అంటే సైనికుల మధ్య ఉండే పాస్టరుగా, నియమించారు. అమెరికా సైన్యంలో ఆ హోదా దక్కిన తొలి నల్లజాతి వాళ్లలో ఆయన ఒకడు.

చాప్లిన్ తుపాకీ పట్టడు కదా, సైనికుడెలా అవుతాడు అనొచ్చు. ఆయన గుడారంలో కూర్చుని ప్రార్థన చేసిన మనిషి కాదు. 1864 మే 24న వర్జీనియాలో విల్సన్స్ వార్ఫ్ అనే చోట ఆ రెజిమెంటు మీదికి ఫిట్జ్‌హ్యూ లీ గుర్రపు దళం వచ్చింది. లొంగిపొండి, లేకపోతే తర్వాత ఏం జరిగినా నా పూచీ లేదని కబురు పంపింది. ఆ బెదిరింపుకు అర్థం అందరికీ తెలుసు. ఆరు వారాల ముందే, ఏప్రిల్ 12న, ఫోర్ట్ పిల్లోలో లొంగిపోయిన నల్ల సైనికుల్ని కూడా నరికి చంపారు. అయినా వీళ్లు లొంగలేదు. కోటను నిలబెట్టుకున్నారు. ఆ యుద్ధాన్నీ, తర్వాత పీటర్స్‌బర్గ్ దగ్గర జరిగిన దాన్నీ టర్నర్ తమ చర్చి పత్రిక క్రిస్టియన్ రికార్డర్‌కు ఉత్తరాలుగా రాశాడు. యుద్ధరంగం నుంచి ఒక నల్లవాడు, నల్లవాళ్ల పత్రికకు, నల్లవాళ్ల గురించి రాసిన వార్తలవి.

ఆ ఉత్తరాల్లో మనం దాచిపెట్టకూడని మాట ఒకటుంది. ఫోర్ట్ పిల్లోకు బదులుగా మనవాళ్లు కూడా పట్టుబడ్డ శత్రువుల్ని చంపుతున్నారు, ఇది తప్పు అని రాశాడు. తన సొంత మనుషుల గురించి, తన సొంత పత్రికలో. మన ఉద్యమంలో మన తప్పు మనం రాస్తే "శత్రువుకు ఆయుధం ఇస్తున్నావ్" అంటాం. టర్నర్ అలా అనుకోలేదు.

ఖాళీ దొరికితే ఆయన చేసిన పని సైనికులకు అక్షరాలు దిద్దించడం. నిన్నటిదాకా బానిసగా ఉన్నవాడు ఒక చేత్తో తుపాకీ, ఇంకో చేత్తో పెద్దబాలశిక్ష లాంటి పుస్తకం పట్టుకున్నాడు.

జీతం సంగతి వినండి. తెల్ల సైనికుడికి నెలకు 13 డాలర్లు. నల్ల సైనికుడికి 10, అందులోంచి బట్టలకని 3 కోత. చేతికొచ్చేది 7. చావు మాత్రం ఇద్దరికీ సమానం. 1864 జూన్‌లోగానీ ఈ తేడా పోలేదు. మొత్తం సుమారు 1,79,000 మంది నల్లవాళ్లు ఆ సైన్యంలో పని చేశారు. దాదాపు 40,000 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువ మంది చనిపోయింది తూటాలతో కాదు, రోగాలతో.

ఫ్రెడరిక్ డగ్లస్ లాంటి పెద్దలు అప్పుడు ఏం నమ్మారంటే, నల్లవాడు ఒక్కసారి ఆ యూనిఫాం వేసుకుంటే అతను పౌరుడు కాడని ఈ భూమ్మీద ఎవరూ అనలేరని. టర్నర్ కూడా అదే నమ్మాడు. రక్తం పోస్తాం, రసీదు దొరుకుతుంది అనుకున్నారు.

3

యుద్ధం అయిపోయింది. టర్నర్ జార్జియా వెళ్లాడు. సైన్యం కొలువు వదిలేసి, ఊరూరా తిరిగి తమ చర్చిని కట్టాడు. ఆ చర్చిల్లోనే రాజకీయం మొదలైంది. మన గూడెంలో పంచాయితీ అయినా, సంఘం మీటింగయినా చర్చి వరండాలోనే జరుగుతుంది కదా, అక్కడా అంతే.

1867 చివర్లో జార్జియాకు కొత్త రాజ్యాంగం రాయడానికి సభ కూడింది. టర్నర్ అందులో సభ్యుడు. అక్కడ ఆయన చాలా మెత్తగా ఉన్నాడు. నిన్నటి యజమానులతో సర్దుకుపోదాం అన్నాడు. బానిసత్వం కోసం యుద్ధం చేసిన జెఫర్సన్ డేవిస్‌ను క్షమించమని అడగడానికి కూడా ఒప్పుకున్నాడు. పగ మనకొద్దు, మన పెద్దమనసు చూసి వాళ్లే మారతారు అనుకున్నాడు.

ఆ రాజ్యాంగంలో నల్లవాళ్లకు ఓటు హక్కు రాశారు. పదవి చేపట్టే హక్కు ఉందని మాత్రం విడిగా ఒక వాక్యం రాయలేదు. ఓటున్నవాడికి పదవి ఉండదా, అది వేరే రాయాలా అని సర్దిచెప్పుకున్నారు.

1868లో ఎన్నికలయ్యాయి. టర్నర్ మేకన్ పట్టణం నుంచి జార్జియా శాసనసభకు గెలిచాడు. ఆయనతో పాటు గెలిచిన నల్ల సభ్యుల్ని ఇవాళ చరిత్ర "తొలి 33 మంది" అని గుర్తుచేసుకుంటుంది. సభలో కూర్చుని రెండు నెలలు కాకముందే తెల్ల సభ్యులు లేచి ఏమన్నారో తెలుసా? రాజ్యాంగంలో మీకు ఓటు వేసే హక్కుంది, పదవిలో కూర్చునే హక్కు ఎక్కడా రాయలేదు, బయటికి నడవండి అన్నారు.

అదీ సంగతి. రాయకుండా వదిలేసిన ఆ ఒక్క వాక్యాన్నే తీసి మెడ మీద పెట్టారు. చర్మం తెల్లగా ఉన్న నలుగుర్ని మాత్రం, నల్లవాళ్లని రుజువు చేయలేక వదిలేశారు.

1868 సెప్టెంబర్ 3న టర్నర్ సభలో మాట్లాడాడు. ఆ ప్రసంగం దొరికితే పూర్తిగా చదవండి. ఆయన బతిమాలలేదు. నేను మీ ముందు చేతులు కట్టుకుని నా హక్కుల కోసం అడుక్కోవడానికి రాలేదు అన్నాడు. ఇక్కడ తేలాల్సింది ఒక్కటే, నేను మనిషినా కాదా అన్నాడు. మనిషినైతే మనిషి హక్కులు నావి. దానికి ఇంకో రుజువు లేదు, అక్కర్లేదు. తర్వాత తన జనం వైపు తిరిగి, ఈ రాష్ట్రం మీరు మనుషులని ఒప్పుకునేదాకా దీన్ని కాపాడటానికి చెయ్యి కూడా ఎత్తకండి అన్నాడు.

ఐదేళ్ల కిందట తన చర్చి ముందు నిలబడి రండి, సైన్యంలో చేరండి అని పిలిచిన మనిషే ఈ మాట అన్నాడు.

పదహారు రోజుల తర్వాత, సెప్టెంబర్ 19న, అదే రాష్ట్రంలో కమిల్లా అనే ఊళ్లో ఎన్నికల సభకు ఊరేగింపుగా వెళ్తున్న నల్లవాళ్ల మీద కాల్పులు జరిపారు. పారిపోతున్నవాళ్లను అడవుల్లోకి తరిమి మరీ కొట్టారు. కారంచేడు, చుండూరు తెలిసిన మనకు కమిల్లా ఏమిటో వివరంగా చెప్పక్కర్లేదు. సభలో కుర్చీ లాక్కోవడం, పొలాల్లో వెంటాడి చంపడం, ఈ రెండూ వేర్వేరు పనులు కావు.

1870లో వాషింగ్టన్ జోక్యంతో బహిష్కరించిన సభ్యులు తిరిగి వచ్చారు. కానీ ఫెడరల్ సైన్యం అండ ఉన్నంతవరకే ఆ కుర్చీలు నిలిచాయి.

4

1883లో సుప్రీంకోర్టు ఇంకో దెబ్బ కొట్టింది. హోటళ్లు, రైళ్లు, థియేటర్లలో నల్లవాళ్లను వేరుగా చూడకూడదన్న 1875 పౌరహక్కుల చట్టం చెల్లదంది. తొమ్మిది మందిలో ఒక్క జడ్జి, జాన్ మార్షల్ హార్లన్, కాదన్నాడు. అప్పటికి టర్నర్ బిషప్పు. 1880లోనే ఆ స్థానానికి ఎన్నికయ్యాడు. ఆ తీర్పు మీద ఆయన మండిపడినంతగా ఇంకెవరూ మండిపడలేదు. ఈ దేశానికి నల్లవాడు ఇక ఏ విధంగానూ రుణపడి లేడన్నాడు. 1898లో స్పెయిన్‌తో యుద్ధం వస్తే, నల్ల కుర్రాళ్లు అందులో చేరొద్దన్నాడు. సైన్యం చాప్లిన్‌గా పని చేసినవాడు, రసీదు చెల్లదని స్వయంగా చూసినవాడు చెప్పిన మాట అది.

అదే 1898లో తన పత్రికలో ఇంకో మాట రాశాడు. దేవుడు నల్లవాడు అని. తెల్ల పత్రికలు ఎగతాళి చేశాయి. కొందరు నల్ల క్రైస్తవులే ఇబ్బంది పడ్డారు. ఆయన వాదన సూటిగా ఉంది. ప్రతి జాతీ తన దేవుణ్ణి తన రూపంలోనే ఊహించుకుంది. మీరు నీలికళ్ల తెల్లవాణ్ణి పటం కట్టి దణ్ణం పెట్టుకుంటుంటే తప్పు లేదు, మేము మా రంగులో ఊహించుకుంటే తప్పా? తనను పోలిన దేవుడు ఉండటం సాధ్యమేనని నమ్మలేని జాతి, తాను గౌరవానికి తగిన జాతినని ఎలా నమ్ముతుంది?

మన పల్లె చాపెల్ గోడ మీద వేలాడే క్యాలెండర్ ఒకసారి గుర్తు చేసుకోండి. అందులోని యేసు ఎవరిలా ఉంటాడు? అంబలి తాగి పనికెళ్లే మన తాతలా ఉంటాడా?

5

టర్నర్‌ను దేవుణ్ణి చేయడానికి ఇది రాయడం లేదు. ఆయన తప్పుల్ని కూడా చూడాలి.

అమెరికాలో న్యాయం రాదని తేలాక, ఆఫ్రికా వెళ్లిపోదాం అన్నాడు. నాలుగుసార్లు స్వయంగా అక్కడికి వెళ్లాడు. 1895, 1896లలో రెండు ఓడల్లో సుమారు 500 మంది లైబీరియాకు బయల్దేరారు. జ్వరాలకు కొందరు చనిపోయారు. బతుకుతెరువు దొరక్క కొందరు తిరిగొచ్చారు. పేదవాడు నాయకుడి మాట నమ్మి ఇల్లు వదిలితే, ఆ ఇంటి కష్టానికి నాయకుడే జవాబుదారీ. ఈ మాట మనకూ వర్తిస్తుంది.

ఇంకోటి. ఆఫ్రికా వాళ్లకు నాగరికత, క్రైస్తవం నేర్పడానికే దేవుడు మనల్ని బానిసత్వంలోంచి నడిపించాడని ఆయన అనేవాడు. అంటే తను ఎదిరించిన తెల్లవాడి కళ్లద్దాలే కొంతకాలం తనూ పెట్టుకున్నాడు. చదువుకున్న మనం పల్లెకెళ్లి మనవాళ్లతోనే "మీకేం తెలుసు" అన్నప్పుడు మన ముక్కు మీద ఉండేవీ ఆ అద్దాలే.

మంచీ ఉంది. 1885లో సారా ఆన్ హ్యూస్ అనే స్త్రీని డీకన్‌గా అభిషేకించాడు. ఆ సంఘంలో అంతకు ముందు ఎవరూ చేయనిది. రెండేళ్లకే తోటి బిషప్పులు దాన్ని రద్దు చేశారు. తెల్లవాళ్ల చర్చిలో మోకాళ్ల మీంచి లేపేశారని బయటికొచ్చిన సంఘమే, తన ఆడవాళ్లను పీఠం మీంచి దింపేసింది. ఒకే క్రీస్తు పేరు చెప్పుకుంటూ మాలలకో చర్చి, మాదిగలకో చర్చి కట్టుకున్న మనం ఆ సంఘాన్ని చూసి నవ్వలేం.

టర్నర్ 1915 మే 8న చనిపోయాడు. అమెరికా నేల మీద కాదు, సరిహద్దు అవతల కెనడాలోని విండ్సర్‌లో. తర్వాత అట్లాంటాలో ఖననం చేశారు.

6

ఇప్పుడు మన ఇంటికొద్దాం.

బాబాసాహెబ్ తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదారు. బాబాసాహెబ్ పుట్టింది కూడా మౌ కంటోన్మెంట్‌లోనే. సైన్యం ఆ ఇంటికి ఇచ్చిన అసలైన ఆస్తి అక్షరం. సైనికుల పిల్లలకు అక్కడ చదువుండేది, రాంజీ స్వయంగా సైనిక పాఠశాలలో పంతులు. టర్నర్ గుడారంలో జరిగిందే ఇక్కడా జరిగింది. 1890ల నాటికి మహర్లు యోధజాతి కాదని చెప్పి వాళ్లను సైన్యంలోకి తీసుకోవడం ఆపేశారు. మాజీ సైనికుడు గోపాల్ బాబా వలంగ్‌కర్ లాంటి వాళ్లు మేం ఎన్ని యుద్ధాలు చేశామో చూడండని అర్జీలు పెట్టారు. అంటే రసీదులు చూపించారు. సర్కారు ఆ రసీదుల్ని పక్కన పడేసింది. 1917లో ప్రపంచ యుద్ధానికి మనుషులు కావాల్సొస్తే మళ్లీ మహర్ పటాలం కట్టారు. అవసరం తీరాక దాన్నీ తీసేశారు.

మన తెలుగు నేలకు మెథడిస్టు దైవం నడిచొచ్చిన దారి కూడా కంటోన్మెంటు మీదుగానే. మెదక్ చర్చి కట్టించిన చార్లెస్ వాకర్ పాస్నెట్ 1895లో సికింద్రాబాద్ వచ్చినప్పుడు మొదట పని చేసింది తిరుమలగిరిలో బ్రిటిష్ సైనికుల మధ్య. ఆ తర్వాతే పల్లెలకు వచ్చాడు. ఆయన దగ్గరికి వచ్చింది ఎక్కువగా మన గూడేలే. ఆ సంఘం వల్ల మనకు బడి దొరికింది, ఆసుపత్రి దొరికింది. ఆదివారం కూర్చోవడానికి ఒక చోటు దొరికింది. కానీ 1950 రాష్ట్రపతి ఉత్తర్వు, హిందువైతేనే ఎస్సీ అంది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుడైన దళితుడు ఇప్పటికీ బయటే. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో అతనికి దొరికేది బీసీ-సి కింద 1 శాతం. గూడెం మారలేదు, పని మారలేదు, ఊరు పిలిచే పేరు మారలేదు. కాగితం మీద కులం మాత్రం మారిపోయిందట. అందుకే మనలో సగం మంది ఆదివారం ఒక పేరుతో, సర్టిఫికెట్‌లో ఇంకో పేరుతో బతుకుతున్నారు. దీన్ని మోసం అనేవాళ్లకు నేనొక్కటే చెబుతాను. రెండు పేర్లు పెట్టుకోవలసిన పరిస్థితిని కల్పించినవాడిది మోసం.

మరి తమ్ముడి ప్రశ్నకు జవాబు?

కోరేగావ్ స్తంభం దగ్గర తప్పకుండా నిలబడదాం తమ్ముడూ. మనకు ధైర్యం లేదన్నవాడి నోరు మూయించడానికి ఆ రాయి కావాలి. అమెరికాలోనూ ఆ 1,79,000 మంది లేకపోతే పౌరసత్వాన్నీ ఓటునూ ఇచ్చిన 14, 15వ సవరణలు అంత త్వరగా వచ్చేవి కావు. త్యాగానికి విలువ లేదని నేననను.

కానీ త్యాగం హక్కుకు పునాది కాకూడదు. మా తాత యుద్ధం చేశాడు కాబట్టి నాకు హక్కుంది అన్నావనుకో, యుద్ధం చేయని తాత మనవడి సంగతేంటి? చెప్పులు కుట్టినవాడి సంగతి, కళ్లం ఊడ్చిన అవ్వ సంగతి ఏంటి? రసీదు ఉన్నవాళ్లకే హక్కు అనే సూత్రాన్ని మన నోటితోనే ఒప్పుకున్నట్టవుతుంది. ఆ తర్వాత రసీదు చెల్లుతుందో లేదో తేల్చేది ఎప్పుడూ అవతలివాడే. టర్నర్ రసీదు చెల్లలేదు. వలంగ్‌కర్ రసీదు చెల్లలేదు.

బాబాసాహెబ్ ఈ రెండు విషయాల్నీ పట్టుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో మహర్లను సైన్యంలో చేరమన్నాడు. 1941లో మహర్ రెజిమెంటు వచ్చింది. అది కొలువు, జీతం, బలం. కానీ హక్కుల్ని దాని మీద ఆధారపెట్టలేదు. జార్జియాలో రాయకుండా వదిలేసిన లాంటి వాక్యాల్ని ఇక్కడ ఒక్కొక్కటిగా రాయించాడు. అంటరానితనం రద్దు అని 17వ అధికరణంలో. పార్లమెంటులో సీట్లు 330లో, అసెంబ్లీలో సీట్లు 332లో. ఎవరో మంచివాళ్లు, వాళ్లే అర్థం చేసుకుంటారులే అని ఒక్క చోట కూడా వదల్లేదు.

రాసినంత మాత్రాన సరిపోదు, నిజమే. అమెరికాలో 1877 తర్వాత సైన్యం వెనక్కి వెళ్లిపోయాక రాసిన సవరణలు కూడా దశాబ్దాల తరబడి కాగితాలుగానే మిగిలాయి. రాసిన దాన్ని కాపాడే సంఘం మన చేతిలో లేకపోతే రాత కూడా చెరిగిపోతుంది. కానీ అసలు రాయని దాన్ని కాపాడుకోవడం ఇంకా కష్టం. అందుకే యూనివర్సిటీలో, పార్టీలో, యూనియన్‌లో, చివరికి చర్చి కమిటీలో కూడా ఎవరైనా "అది ఉన్నట్టేలే, రాయడం ఎందుకు" అన్నప్పుడు జార్జియా సభను గుర్తు తెచ్చుకోండి. రాయమనండి. సంతకం పెట్టమనండి. ఒక కాపీ మీ దగ్గర పెట్టుకోండి.

తమ్ముడూ, నువ్వు మనిషివని రుజువు చేయడానికి ఎవరి సైన్యంలోనూ చావక్కర్లేదు. టర్నర్ ఆ సభలో నిలబడి అడిగిన ఒక్క ప్రశ్న చాలు. నేను మనిషినా, కాదా? కాదు అనేవాడు ఆ మాట పైకి చెప్పాలి. అవును అనేవాడు మన హక్కుల్ని మన చేతికివ్వాలి. మధ్యలో నిలబడి రసీదు అడిగే హక్కు ఎవరికీ లేదు.

వచ్చే భాగంలో 1950 ఉత్తర్వు గురించే పూర్తిగా మాట్లాడుకుందాం. మీ ఊరి చర్చిలో, మీ సర్టిఫికెట్‌లో మీరు చూసింది రాసి పంపండి. పేర్లు బయటపెట్టను.

జై భీమ్.